సొసైటీకి సర్కారు అండ: ఎవరి పెట్టుబడి, ఎవరి పెత్తనం?

యాసంగి కోతలు మొదలైతే మిర్యాలగూడ, హాలియా, నకిరేకల్ ప్రాంతాల్లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల పేరిట వడ్ల కొనుగోలు కేంద్రాలు వెలుస్తాయి. రైతు కుప్ప పోసి, తేమ 17 శాతానికి దిగేదాకా ఆరబెట్టి, తాలు పోగొట్టి, గన్నీ బ్యాగుల కోసం, హమాలీల కోసం, చివరికి లారీ కోసం ఎదురుచూస్తాడు. మిల్లులో వడ్లు దింపుకొని ట్రక్ షీట్ పంపితే గాని ఆన్‌లైన్‌లో ఎంట్రీ పడదు, ఎంట్రీ పడితే గాని డబ్బు కదలదు. బస్తాకు ఎంత తరుగు తీశారన్న గొడవ సరేసరి. ఈ రోజుల్లో రైతు కోపమంతా సొసైటీ మీదే ఉంటుంది. అయితే ఆ వడ్లు కొంటున్నది సొసైటీ కాదు. మద్దతు ధర నిర్ణయించేది కేంద్ర ప్రభుత్వం, కొనేది, రైతు ఖాతాలో డబ్బు వేసేది పౌర సరఫరాల సంస్థ, ఏ కేంద్రం వడ్లు ఏ మిల్లుకు పోవాలో చెప్పేది జిల్లా యంత్రాంగం. సొసైటీకి దక్కేది క్వింటాకు 30 రూపాయల పైచిలుకు కమిషన్ మాత్రమే, అది కూడా చాలాసార్లు సీజన్ ముగిసిన ఎన్నో నెలలకు గాని చేతికందదు.

సహకార వ్యాపారానికి ప్రభుత్వం ఇచ్చే అండను అర్థం చేసుకోవడానికి ఈ కేంద్రమే మంచి ఉదాహరణ. ఈ పని సొసైటీకి అప్పగించడం ఒక రకంగా సాయమే, ఎందుకంటే కమిషన్ రాకపోతే చాలా సంఘాలకు సిబ్బంది జీతాలే కష్టమవుతాయి. కాని ఇందులో సొసైటీ తన సభ్యుల తరఫున బేరమాడే వ్యాపార సంస్థగా కాక ప్రభుత్వ పనికి ఏజెంటుగా నిలుస్తున్నది. ప్రభుత్వ సాయాన్ని ఎంత ఇచ్చారన్న లెక్కతో కొలవడం మన అలవాటు. ఆ సాయం వచ్చాక సంఘంలో పెట్టుబడి ఎవరిది, నిర్ణయం ఎవరిది, నష్టం వస్తే భరించేది ఎవరు అన్న మూడు ప్రశ్నలు అడిగితే బొమ్మ వేరుగా కనిపిస్తుంది.

మన దేశంలో సహకార చట్టం జనం కోరి తెచ్చుకున్నది కాదు, 1904లో బ్రిటిష్ ప్రభుత్వం పైనుంచి తెచ్చినది. వడ్డీ వ్యాపారుల చేతిలో చితికిన రైతులకు పరపతి సంఘాలు పెట్టాలన్నది ఉద్దేశం, వాటిని పుట్టించి, లెక్కలు చూసి, అవసరమైతే మూసేసే అధికారం ప్రభుత్వం నియమించే సహకార రిజిస్ట్రార్‌ది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పట్టు సడలకపోగా మరింత బిగిసింది. గ్రామీణ పరపతిపై గోర్వాలా నాయకత్వంలో జరిగిన సర్వే 1954లో, సంఘాలు సొంతంగా నిలబడలేకపోతున్నాయి కనుక ప్రభుత్వమే వాటిలో వాటాదారుగా చేరాలని సిఫారసు చేసింది. ఆనాటి పరిస్థితిలో అది సదుద్దేశమే. వాటాధనం వెంట నామినేటెడ్ డైరెక్టర్లు, డిప్యుటేషన్ అధికారులు, బోర్డును రద్దుచేసే అధికారం కూడా వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1964 నాటి సహకార సంఘాల చట్టం ఈ ఆలోచనకే రూపం. తెలంగాణలో ఇప్పటికీ వ్యవసాయ పరపతి సంఘాలు, జిల్లా సహకార బ్యాంకులు, చాలా చేనేత, మత్స్య, గొర్రెల పెంపకందారుల సంఘాలు ఆ చట్టం కిందే నడుస్తున్నాయి. సొసైటీలో అవకతవకలు జరిగాయనగానే ఊళ్లో వినిపించే ‘51 విచారణ’ ఆ చట్టంలోని 51వ సెక్షనే. ఎన్నికైన పాలకవర్గం లేనప్పుడు కూర్చోబెట్టే పర్సన్ ఇన్‌చార్జి కూడా ఆ చట్టం ప్రకారం వచ్చేవారే.

దీనికి భిన్నమైన దారి 1995లో తెరుచుకుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన సహకార అభివృద్ధి కార్యకర్తల ఏళ్ల కృషి ఫలితంగా ఉమ్మడి రాష్ట్రం పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. ఇలాంటి సమాంతర చట్టం చేసిన తొలి రాష్ట్రం మనదే. మ్యాక్స్ అని పిలుచుకునే ఈ చట్టం కింద సంఘం ప్రభుత్వ వాటాధనం తీసుకోదు, ప్రభుత్వ ప్రతినిధి బోర్డులో కూర్చోడు, ఎన్నికలు సంఘమే తన నియమావళి ప్రకారం జరుపుకుంటుంది. 1964 చట్టం కింద ఉన్న సంఘం ఇందులోకి మారాలంటే ముందు ప్రభుత్వ వాటాధనం తిరిగి కట్టేయాలి, ప్రభుత్వ అప్పులూ గ్యారంటీలూ ఉంటే వాటి సంగతి తేల్చుకోవాలి. తీసుకున్న సాయం ఎంత పెద్దదైతే స్వేచ్ఛ అంత దూరం జరుగుతుందన్నమాట.

ఈ రెండు చట్టాల మధ్య తగాదా పాల దగ్గర బయటపడింది. ఉమ్మడి నల్లగొండ, రంగారెడ్డి జిల్లాల పాల ఉత్పత్తిదారుల యూనియన్ అయిన నార్ముల్ మ్యాక్స్ చట్టం కింద ఉన్న సంస్థ, జనం దాన్ని మదర్ డెయిరీ అంటారు. 2006లో అప్పటి ప్రభుత్వం చట్టాన్ని సవరించి, మ్యాక్స్ కిందికి వెళ్లిన పాల సంఘాలన్నింటినీ వెనకటి తేదీ నుంచే 1964 చట్టం కిందికి తిరిగి తెచ్చింది. పాల సంఘాలు అసలు మ్యాక్స్‌కు ఎన్నడూ మారనట్టే లెక్క అన్నమాట. హైకోర్టు ఈ సవరణను కొట్టేసింది, 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. తమ ఇష్టంతో ఒక పద్ధతిలో సంఘంగా ఏర్పడ్డ వారిని బలవంతంగా మరో పద్ధతిలోకి నెట్టడం సంఘం పెట్టుకునే హక్కుకే భంగమని సారాంశం. ప్రభుత్వ పెత్తనం మీద సహకార సంఘాలు గెలిచిన పెద్ద కేసుల్లో ఇది ఒకటైనా, తెలుగునాట దాని గురించి మాట్లాడుకున్నది చాలా తక్కువ.

స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన సంఘం బాగుపడుతుందని కూడా అనుకోలేం. పొద్దున్నే పాలకేంద్రం దగ్గర నిలబడితే పాల వ్యాపారం ఎంత సన్నని అంచు మీద నడుస్తుందో తెలుస్తుంది. క్యాన్ తెచ్చిన ఆడమనిషి పాల నుంచి చిన్న శాంపిల్ తీస్తారు, మిషన్ వెన్న శాతం చూపిస్తుంది, ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘన పదార్థం, చూపిస్తుంది, ఆ రెంటిని బట్టి లీటరు ధర కట్టి చీటీ చేతిలో పెడతారు. బర్రె పాలకు ఒక ధర, ఆవు పాలకు ఒక ధర. పదిహేను రోజులకు ఒకసారి రావలసిన బిల్లు మీదే ఆ ఇంటి దాణా, పచ్చిగడ్డి, పిల్లల ఖర్చు ఆధారపడతాయి. ఆ బిల్లు నెల దాటితే ఆమె మరునాడే ప్రైవేటు డెయిరీ వ్యాన్ ఆపుతుంది, ఆమెను తప్పుబట్టలేం. 2017లో రాష్ట్ర ప్రభుత్వం విజయ డెయిరీ రైతులకు ఇస్తున్న లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకాన్ని నార్ముల్, కరీంనగర్, ముల్కనూరు డెయిరీల రైతులకూ వర్తింపజేసింది. ప్రైవేటు డెయిరీకి పోతున్న రైతును సహకార డెయిరీ వైపు తిప్పే మంచి సాయం అది. అయితే ఆ 4 రూపాయలు సకాలంలో విడుదల కాకపోయినప్పుడు రైతు నిలదీసేది ఆర్థిక శాఖను కాదు, ఊరి పాల సొసైటీ అధ్యక్షుడిని. ప్రభుత్వం మాట ఇచ్చి ఆలస్యం చేసిన సాయం, ఇవ్వని సాయం కన్నా సంఘం పరువును ఎక్కువ తీస్తుంది.

చేనేతలో ఇదే ఆలస్యం మరింత లోతుగా కోస్తుంది. పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక, గట్టుప్పల ప్రాంతాల్లో సొసైటీ పని స్థూలంగా ఇది: నూలు గాని పట్టు గాని కొని సభ్యుడికి ఇస్తుంది, సభ్యుడు చిటికి కట్టి, రంగులద్ది, నేసి ఇచ్చిన గుడ్డకు మజూరి చెల్లిస్తుంది, గుడ్డను అమ్ముతుంది. నూలు కొనడానికి, మజూరి ఇవ్వడానికి డబ్బు సహకార బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్, అంటే ఒక పరిమితి దాకా వాడుకొని తిరిగి కట్టే అప్పు, నుంచి వస్తుంది. అమ్మకం జరిగి డబ్బు తిరిగొస్తే ఆ ఖాతా మళ్లీ నిండుతుంది. ఇక్కడ ప్రభుత్వం పెద్ద కొనుగోలుదారు. రాష్ట్ర చేనేత సహకార సంస్థ, అంటే ఒకప్పటి ఆప్కో, తర్వాత టెస్కో, ఇప్పుడు టీజీస్కో, సంఘాల నుంచి గుడ్డ తీసుకుంటుంది. ఒక సంఘం 10 లక్షల రూపాయల గుడ్డ ఇచ్చిందనుకుందాం, బిల్లు ఏడాదిన్నర ఆగిందనుకుందాం, క్యాష్ క్రెడిట్ మీద వడ్డీ 11 శాతం అనుకుందాం. అప్పుడు ఆ సంఘం బ్యాంకుకు కట్టవలసిన అదనపు వడ్డీ 1,65,000 రూపాయలు. గుడ్డ మీద మిగిలే లాభం మొత్తం ఎగిరిపోయి, వచ్చే విడత నూలుకు పెట్టుబడి ఉండదు. మగ్గం ఆగిన నేత మనిషి, నూలిచ్చి కూలికి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గరికో, షావుకారు దగ్గరికో పోతాడు. కాగితం మీద మాత్రం అతను సొసైటీ సభ్యుడిగానే ఉంటాడు, సభ్యుల సంఖ్య తగ్గలేదు కనుక నివేదికలో సంఘం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇదే రంగంలో బాగా కుదిరిన సాయాలు కూడా ఉన్నాయి. 2017లో మొదలైన పొదుపు పథకం నేతన్నకు చేయూతలో కార్మికుడు తన మజూరిలో 8 శాతం జమచేస్తే ప్రభుత్వం దానికి రెట్టింపు, అంటే 16 శాతం, కలుపుతుంది. డబ్బు నేరుగా నేత మనిషి ఖాతాలో పెరుగుతుంది, సంఘం నిర్ణయాల్లో ఎవరూ వేలు పెట్టరు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 ప్రాంతంలో వచ్చిన భౌగోళిక గుర్తింపు మరో రకం అండ. దాని హక్కుదారుల్లో అక్కడి చేనేత సహకార సంఘం ఒకటి. ఖజానా నుంచి ఏటా డబ్బు అక్కరలేని సాయం ఇది, కాని మిల్లులో అచ్చు వేసిన నకిలీ ఇక్కత్ మీద కేసు పెట్టి కొట్లాడడానికి సంఘానికి ఓపిక, వకీలు, డబ్బు కావాలి. గుర్తింపు ఇచ్చినంత చురుకుగా దాని అమలుకు తోడు నిలవకపోవడం అసలు లోటు.

గొర్రెల పథకం సంగతి వేరు. 2017లో ప్రభుత్వం 75 శాతం రాయితీతో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం పెట్టింది. యూనిట్ ధర మొదట 1,25,000 రూపాయలు, అందులో లబ్ధిదారు వాటా 31,250. పెట్టుబడి జాతీయ సహకార అభివృద్ధి సంస్థ రాష్ట్రానికి ఇచ్చిన అప్పు. గొర్రెలు కావాలంటే ఊరి గొర్రెల పెంపకందారుల సహకార సంఘంలో సభ్యత్వం ఉండాలన్నారు. మహబూబ్‌నగర్, నారాయణపేట, వనపర్తి ఊళ్లలో గొల్లకురుమలు పొలోమని చేరారు, రాష్ట్రమంతటా సభ్యులు 7 లక్షలు దాటారు. దేశంలో ఎక్కడా గొర్రెల కాపరులు ఇంత పెద్ద సంఖ్యలో సహకార సభ్యులు కాలేదేమో. ఆ సంఘాల్లో చాలావాటికి మందులు కొనే ఏర్పాటు గాని, ఉన్ని అమ్మే ఏర్పాటు గాని, మాంసం బేరం చేసే పద్ధతి గాని లేదు. సభ్యత్వం లబ్ధిదారులను ఎంచే లాటరీలో పేరు రావడానికి ఒక టోకెన్ అయింది. పథకం ఆగితే సంఘమూ ఆగుతుంది. గొర్రెలు పంచడం వద్దని కాదు. ఆ పని పశుసంవర్ధక శాఖ నేరుగా చేసినా ఫలితం అంతే ఉండేది, మధ్యలో సహకారం అన్న పేరు అరిగిపోకుండా ఉండేది.

ఇక వ్యవసాయ పరపతి. 1987లో ఉమ్మడి రాష్ట్రం స్వల్పకాలిక, దీర్ఘకాలిక రుణాలను ఒకే చోట ఇచ్చే సింగిల్ విండో పద్ధతి తెచ్చింది కనుక ఇప్పటికీ మన ఊళ్లలో సొసైటీ అధ్యక్షుడిని సింగిల్ విండో చైర్మన్ అంటారు. ఊరి సొసైటీకి డబ్బు జిల్లా కేంద్ర సహకార బ్యాంకు ఇస్తుంది, ఆ బ్యాంకుకు రాష్ట్ర అపెక్స్ బ్యాంకు, దానికి జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు అయిన నాబార్డు. జిల్లాలు ఎన్ని ముక్కలైనా రాష్ట్రంలో జిల్లా సహకార బ్యాంకులు మాత్రం పాత తొమ్మిదే, సూర్యాపేట రైతుకు నల్లగొండ బ్యాంకు, గద్వాల రైతుకు మహబూబ్‌నగర్ బ్యాంకు. పంట రుణం మీద వడ్డీ 7 శాతం, గడువులో కడితే కేంద్రం 3 శాతం తగ్గిస్తుంది, లక్ష రూపాయల లోపు అప్పుకు మిగతా 4 శాతం రాష్ట్రం భరిస్తానంటుంది. ఇదే వడ్డీలేని రుణం. రైతుకు ఇది మేలు, సంఘానికీ మేలే, రాష్ట్రం తన వంతు వెంటనే చెల్లిస్తే.

మాఫీ దగ్గర లెక్క తిరగబడుతుంది. 2014లో ప్రకటించిన లక్ష రూపాయల మాఫీని నాలుగు విడతల్లో చెల్లించారు. 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 మధ్య రుణాలకు వర్తించిన 2 లక్షల మాఫీని 2024 జులై నుంచి విడతలవారీగా అమలు చేశారు. నష్టాల్లో ఉన్న రైతుకు ఉపశమనం అవసరమన్న దాని మీద నాకు పేచీ లేదు. ప్రకటనకు, చెల్లింపుకు మధ్య కాలంలో సంఘానికి ఏం జరుగుతుందో చూడాలి. మాఫీ వస్తుందని తెలిసిన సభ్యుడు కట్టడు, కట్టమని అడగడానికి చైర్మన్‌కు నోరు రాదు, ఎందుకంటే అతను అదే ఊళ్లో ఓట్లు అడగవలసినవాడు. సంఘం మాత్రం పై బ్యాంకుకు వాయిదా కట్టి తీరాలి. అప్పు చేసి గడువులో తీర్చిన రైతుకు మాఫీ రాదు కనుక మరుసటి ఏడు అతనూ ఆగుతాడు. వాణిజ్య బ్యాంకు ఈ దెబ్బను దేశమంతటా ఉన్న తన వ్యాపారంలో కలుపుకోగలదు. నాలుగైదు ఊళ్లే లోకమైన సొసైటీకి ఆ వీలు లేదు.

సహకార పరపతి మీద కేంద్రం వేసిన వైద్యనాథన్ టాస్క్‌ఫోర్స్ 2005లో సరిగ్గా ఈ జబ్బుకే మందు చెప్పింది. సంఘాల పాత నష్టాలను ప్రభుత్వాలు ఒక్కసారి పూడ్చాలి, దానికి బదులుగా రాష్ట్రాలు తమ పెత్తనం వదులుకోవాలి, ప్రభుత్వ వాటా 25 శాతానికి, బోర్డులో ఒక్క ప్రతినిధికి పరిమితం కావాలి అన్నది ఒప్పందం. డబ్బు తీసుకోవడంలో చూపిన ఉత్సాహం పెత్తనం వదలడంలో రాష్ట్రాలు చూపలేదు. రాజ్యాంగ 97వ సవరణ 2012లో అమల్లోకి వచ్చి, సహకార సంఘం పెట్టుకోవడాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చింది, ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి చేసింది. అయితే సహకార సంఘాలు రాష్ట్రాల జాబితాలోని అంశం, సవరణకు రాష్ట్రాల శాసనసభల ఆమోదం తీసుకోలేదు. ఆ కారణంతో 2021 జులైలో సుప్రీంకోర్టు, రాష్ట్రాల సంఘాలకు సంబంధించినంత వరకు ఆ నిబంధనల భాగాన్ని కొట్టేసింది. సంఘం పెట్టుకునే హక్కు మిగిలింది, ఎన్నికల షరతు పోయింది.

అదే నెలలో కేంద్రం ప్రత్యేకంగా సహకార మంత్రిత్వ శాఖ పెట్టింది. తర్వాత వచ్చినవి చాలా ఉన్నాయి. 63,000 ప్రాథమిక సంఘాల కంప్యూటరీకరణకు 2022లో 2,516 కోట్ల రూపాయల పథకం, ఎరువుల దుకాణం నుంచి పెట్రోలు బంకు దాకా ఏ వ్యాపారమైనా చేసుకునేలా నమూనా నియమావళి, సంఘాల స్థాయిలో గోదాములు, విత్తనాలకూ ఎగుమతులకూ సేంద్రియ ఉత్పత్తులకూ బహుళ రాష్ట్ర సంఘాలు, 2025లో కొత్త జాతీయ సహకార విధానం. గోదాముల తొలి ప్రయోగానికి ఎంచుకున్న సంఘాల్లో తెలంగాణ నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లా సంఘం ఒకటి ఉంది. కంప్యూటరీకరణ నా దృష్టిలో వీటన్నింటిలో విలువైనది, ఎందుకంటే రాసిన రసీదు ఒకటి, లెడ్జర్‌లో ఎక్కిన అంకె ఒకటి అయిన చోటే సంఘాలు మునిగాయి. పెట్రోలు బంకు విషయంలో నాకంత నమ్మకం లేదు. సొంత పెట్టుబడి లేని సంఘం మరో అప్పు తెచ్చి బంకు పెడితే, నడపగల మనిషి లేనప్పుడు అది మరో బకాయి అవుతుంది. గోదాము వేరు, నల్లగొండలాంటి వరి జిల్లాలో అది ఏ సంఘానికైనా ఆస్తే.

పన్నుల సాయం ఎవరి కంటా పడదు గాని గట్టిది. ఆదాయపు పన్ను చట్టం కింద, సభ్యులకు రుణాలివ్వడం ద్వారా ప్రాథమిక సంఘానికి వచ్చే ఆదాయానికి మినహాయింపు ఉంది. 2022 బడ్జెట్, మినహాయింపులు ఎన్ని ఉన్నా సహకార సంఘాలు కట్టవలసిన కనీస ప్రత్యామ్నాయ పన్నును 18.5 నుంచి 15 శాతానికి తగ్గించి కంపెనీలతో సమం చేసింది. ఈ సాయానికి ఎవరి సంతకమూ అక్కరలేదు, ఎవరి ఫ్లెక్సీ కట్టనక్కరలేదు. సంఘం సంపాదిస్తేనే లాభం కనుక సోమరితనాన్నీ పెంచదు.

ఖర్చు లేని మరో సాయం ఎన్నికలు. తెలంగాణలో 900కు పైగా ఉన్న ప్రాథమిక వ్యవసాయ సంఘాలకు 2020 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. 2025 ఫిబ్రవరిలో గడువు తీరితే, ఎన్నికలు పెట్టకుండా పాత పాలకవర్గాలనే పొడిగించారు. చేనేత సంఘాలు ఏళ్ల తరబడి పర్సన్ ఇన్‌చార్జుల చేతిలోనే ఉన్నాయి. పొడిగింపు మీద బతికే చైర్మన్, పొడిగించినవారిని బకాయిల గురించి నిలదీయడు. కొనుగోలు కమిషన్, పాల ప్రోత్సాహకం, గుడ్డ బిల్లు, వడ్డీ రాయితీ ఎందుకు ఆగుతాయో దీన్ని బట్టే చాలావరకు తెలుస్తుంది, అడగవలసిన మనిషి అడిగే స్థితిలో లేడు.

సభ్యుడు తన సంఘం ఎక్కడుందో తెలుసుకోవడానికి మహాజన సభలో చదివే ఆస్తి అప్పుల పట్టీ చాలు. సభ్యుల వాటాధనం ఎంత, అందులో రుణం ఇచ్చేటప్పుడు పట్టుకున్నది కాక తమంతట తాము పెట్టినది ఎంత, సభ్యుల డిపాజిట్లు ఎంత, పై బ్యాంకు నుంచి తెచ్చినది ఎంత అని చూడాలి. డిపాజిట్ల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. జిల్లా సహకార బ్యాంకులో దాచిన డబ్బుకు 5 లక్షల రూపాయల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది, ఊరి సొసైటీలో దాచినదానికి ఆ బీమా వర్తించదు. ఆ తర్వాత ‘ప్రభుత్వం నుంచి రావలసినవి’ అన్న పద్దు వెతకాలి. ఆ పద్దు వాటాధనాన్ని మించి ఉంటే, ఆ సంఘంలో సాయం చేస్తున్నది ప్రభుత్వం కాదు. రైతులూ నేత కార్మికులూ కలిసి ప్రభుత్వానికి వడ్డీ లేకుండా అప్పు ఇస్తున్నారు, ఆ అప్పు మీద బ్యాంకుకు వడ్డీ కూడా వాళ్లే కడుతున్నారు.